నిండు ట్యాంకు కింద కొళాయి

మా లెక్కల సార్ పోయారని జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పులివెందుల కాలేజీలో ఆయన పాఠమే చెబుతున్నాను. గొప్పకు అనడం లేదు, నాకు వచ్చిన పాఠాలన్నీ ఆయనవే. సుద్దముక్క కింద పెట్టి పిల్లల ముందే ఏడ్చాను.

ప్రొద్దుటూరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు బైఫర్కేషన్ అనే పాఠం నా బుర్రకెక్కేది కాదు. చదువు మానేస్తానంటే, సార్ తిట్టకుండా ఆదివారం జమ్మలమడుగులోని ఇంటికి రమ్మన్నారు. పెరట్లో కారే కొళాయి కింద స్టీలు గిన్నె బోర్లించి ఉంది. టక్, టక్ అని చుక్కలు సమంగా పడుతున్నాయి. సార్ కొళాయిని వెంట్రుకవాసి తిప్పారు. ఏమీ మారలేదు. ఇంకో వెంట్రుకవాసి తిప్పారు. చుక్కలు జంటలు కట్టాయి. టకటక్, కాస్త ఆగి మళ్లీ టకటక్.

చెడిపోయింది సార్ అన్నాను.

"చెడిపోలేదమ్మీ. పాత నడక నిలబడలేకపోయింది, కొత్తది కుదురుకునింది. బైఫర్కేషనంటే ఇదే. యాడ మారిందో, ఏది మారిస్తే మారిందో, అది చూడు."

ఆ చోట కొళాయి మీద మేకుతో గీత గీసి, దాన్ని అక్కడే వదిలేశారు. పైన ట్యాంకు నిండుగా ఉంటేనే ఆ గీతకు విలువని, నీళ్లు తగ్గితే ఒత్తిడి తగ్గుతుందని చెప్పారు. రోజూ పొద్దున ట్యాంకు పొంగేదాకా మోటరు ఆపేవారు కాదు. ప్లంబరును గేటు దాటనిచ్చేవారు కాదు. ఆ కొళాయినే కట్టుకోవాల్సిందని సార్ భార్య దెప్పేవారు. ఆమెను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్లం. నేను పాసయ్యాను.

సార్ పోయిన నెలకు అమ్మను చూడ్డానికి వెళ్లాను. కాఫీ అయినా ఇవ్వకుండా పెరట్లోకి తీసుకుపోయారు.

"ఆయన పోయినకాడ్నుంచి ఒంటిచుక్కే పడతాంది. నేనేం ముట్టుకోలేదు. నువ్వన్నా సరిచెయ్ అమ్మీ."

నిజమే, కొళాయి గీత దగ్గరే ఉంది. తిప్పబోయి ఆగాను. ఏది మారిందో చూడమన్నారు కదా సార్. ట్యాంకు నింపుతున్నారా అని అడిగాను.

"ఒక్కదాన్నే కదా, అన్ని నీళ్లేం చేసుకుంటా? సగానికే మోటరు ఆపేస్తాండా."

పోయి మోటరు వేశాను. ఇద్దరం గిన్నె పక్కన కూర్చున్నాం. శానాసేపు ఒంటిచుక్కే. తర్వాత తడబడింది. చివరికి టకటక్ అంది, కాస్త ఆగి మళ్లీ టకటక్.

ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్లు కారుతున్నాయి. మోటరు ఆపడానికి అమ్మ లేవలేదు. నేనూ లేవలేదు.