యాకోబు చెయ్యి

రిటైరై ఇన్నేళ్లయినా ఆదివారం యాకోబుకి కాలు నిలవదు. టౌన్‌షిప్ సెక్టర్ 6లోని తమ బాప్టిస్టు చర్చిలో బెంచీ అంచున కూర్చుని సైకిల్ తాళంచెవి తిప్పుతుంటాడు. పాట సగంలో లేచి, చనిపోయిన భార్య తెరేసమ్మ వెళ్లే కేథలిక్ చర్చికి సైకిల్ తొక్కుతాడు. లోపలికి మాత్రం వెళ్లడు. గేటు పట్టుకుని నిలబడి, తిరిగొచ్చేస్తాడు. ఆమె సిలువ గుర్తు వేసుకుంటే, తమవాళ్లకు లేని అలవాటని జీవితమంతా వెక్కిరించిన మనిషి. మొన్న ప్రార్థనలో ఆయన చెయ్యి దానంతటదే నుదుటికి, గుండెకి, ఎడమ భుజానికి వెళ్లింది. పక్కనున్న చెల్లెలు సువార్తమ్మ చూసేసింది.

"ఏటన్నా, ఏటా పని?"

"దోమలే. ప్రార్థనలో కళ్లు తెరిసేవేటి నువ్వు?"

ఆమె కళ్లు మూసుకుంది. గాలిలో ఆగిపోయిన చెయ్యి మెల్లగా కుడి భుజాన్నీ తాకింది.