చంద్రకాంతలు విచ్చే వేళ

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం లేదు, నాకేమో ఒక్క నిమిషం ఆగే ఓపిక లేదు. మాది ఝరాసంగం దగ్గర చిన్న ఊరు. మా నాయనమ్మను ఇంట్లో అందరం అవ్వ అనేవాళ్లం. ఏటా తొలి వానలకు వాకిట్లో పొద్దంతా ఎండ పడే చోట చంద్రకాంత గింజలు నాటేది. నీడలో పెడితే ఆకులే తప్ప పూలు రావనేది. ఆ మొగ్గలు పగలంతా ముడుచుకొని ఉండి, పొద్దు వాలాక విచ్చుకొని వాకిలంతా వాసన నింపేవి. అవి విచ్చాకే అవ్వ జొన్నపిండి తడిపి రొట్టెలకు కూర్చునేది.

ఆ ఏడు మా బాపు బీదర్ వైపు రోడ్డు పనికి పోయి నెల దాటింది. రేపు పూలు విచ్చే వేళకు వస్తానని, అవ్వ చేతి వేడి రొట్టె మీద మనసైందని కబురు పంపాడు. తెల్లవారి నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు. వాకిట్లోకీ బాట మీదికీ ఎన్నిసార్లు తిరిగానో. మధ్యాహ్నానికి ఒక ఉపాయం తట్టింది. పూలు విచ్చితే బాపు వస్తాడు కదా, నేనే విప్పేస్తే సరి! కూర్చొని ఒక్కో మొగ్గనూ గోళ్లతో విప్పాను.

“అవ్వా, పూలు విచ్చినయ్! జల్ది రొట్టెలు చెయ్యి,” అని కేకేశాను.

ఎండ నడినెత్తిన ఉంది. అవ్వ ఒక పువ్వు తెంపి వాసన చూసింది, చిరిగిన రేకలు చూసింది, నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను.

“విచ్చినయా? గట్లయితే చేద్దాం పా బిడ్డా,” అంది. కొడుకు కోసం విసిరి పెట్టుకున్న పిండంతా తడిపి రొట్టెలు కాల్చేసింది. నేను గెలిచానని ఎగిరాను.

బాపు చెప్పిన వేళకే వచ్చాడు. అప్పటికి రొట్టెలు అట్టలయ్యాయి, డబ్బాలో పిండి లేదు. ముక్క ముక్కా పప్పులో నానబెట్టి నములుతుంటే నేను తలుపు చాటున నిలబడి చూశాను.

“గింత గట్టిగైనయేందే అవ్వా?” అన్నాడు.

“నాకే యాళ తెల్వలే కొడుకా,” అంది అవ్వ. నా వైపు చూడనైనా చూడలేదు. ఆ మాటకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాకు బుద్ధి చెప్పడానికి బాపు తిండి చెడగొట్టిందే అని ఆమె మీద ఈనాటికీ కొంచెం కోపమే. ఆ తప్పు తన మీద వేసుకున్నందుకు ప్రేమ అంతకంటే ఎక్కువ.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆత్రం ఏమీ తగ్గలేదు. కూతురు జహీరాబాద్‌లో ఆటో ఎక్కిందంటే నాలుగుసార్లు ఫోన్ చేసి దానితో చీవాట్లు తింటాను. కానీ అది వచ్చి, కాళ్లు కడుక్కొని, పీట మీద కూర్చునే దాకా పెనం మీద రొట్టె వెయ్యడానికి నా చెయ్యి రాదు.