ఇసుకలో సన్నని చిప్ప

నా చిన్నప్పుడు మేం నరసరావుపేటలో ఉండేవాళ్లం. ఐదో తరగతిలో ఉన్నా రెండో తరగతి పిల్లలా కనిపించేదాన్ని. మా కిరాణా కొట్టుకు వచ్చినవాళ్లు నన్ను చూసి, ఎదుగుతుందిలే అని అమ్మకు ధైర్యం చెప్పి పోయేవాళ్లు. పొడుగవుతానని అమ్మ రోజూ పొద్దున్నే నన్ను వసారాలోని ఇనప కడ్డీకి వేలాడమనేది. అరచేతులు బొబ్బలెక్కేవి.

మా పక్కింటి అక్క కాలేజీలో జువాలజీ చదివేది. ఒక సెలవు రోజున సముద్రపు జీవుల్ని చూడటానికి సూర్యలంక బీచికి వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్లింది.

అలలు వెనక్కి తగ్గిన చోట, తడి ఇసుకలోంచి ఒక సన్నని చిప్ప కొస పైకి కనిపించింది. పట్టుకుని లాగాను. అది లోపలికి బిగిసింది.

“గుంజొద్దే, లోపల ప్రాణముంది, దాని కాలు తెగుద్ది,” అంది అక్క.

అది కాలిని ఇసుకలోకి చాచి, దాని కొసను ఉబ్బించి, ఆ పట్టుతో ఒళ్లంతా కిందికి లాక్కుంటుందట. అక్క పక్కనుంచి మెల్లగా ఇసుక తీసి దాన్ని అరచేతిలో పెట్టింది. నా వేలంత కూడా లేదు. అంతకుముందే ఒడ్డున మంగలి కత్తిలాంటి పొడుగాటి ఖాళీ చిప్ప ఒకటి దొరికింది. ఇది దాని పిల్ల, ఇంకా ఎదగాలి అన్నాను.

అక్క రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. పెద్దదానికి రెండు చిప్పల్నీ కలిపే కీలు ఒక చివరన ఉంది, చిన్నదానికి కొంచెం నడుమవైపు. చిన్నదాన్ని ఎండకు పట్టుకుంటే పల్చటి పెంకులోంచి తెల్లని గట్టు కనిపించింది. పెద్దదానికి అది లేదు. రెండూ వేరే జాతులు. చిన్నదాని అంచున, పెంకు పెరిగేకొద్దీ పడే గీతలు ఒత్తుగా ఉన్నాయి, అంటే దాని ఎదుగుదల దాదాపు పూర్తయినట్టే.

దాన్ని తిరిగి ఇసుక మీద పెట్టాం. కాలు బయటికి చాచి, నిటారుగా లేచి, చూస్తుండగానే దిగిపోయింది.

నేను ఎదగనా అని అక్కను అడిగాను.

“ఏమో. ఎదగొచ్చు, ఎదక్కపోవచ్చు. ఎదక్కపోతే సగం మనిషివేం కావు.”

అప్పటిదాకా నాకు అలా నిజం చెప్పినవాళ్లు లేరు. ఏడుపు రాలేదు, గుండె తేలికైంది. మర్నాడు పొద్దున వేలాడనని అమ్మకు చెప్పాను. అమ్మ నా అరచేతులు పట్టుకుని చానాసేపు చూసింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను పెద్దగా ఎదగలేదు. అంగన్‌వాడీలో టీచరుగా చేరాను. పిల్ల పొట్టిగా ఉందని తల్లులు దిగులుగా తెచ్చేవాళ్లు. తిండి సంగతి అడిగేదాన్ని, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపేదాన్ని. అంతకంటే ముందు ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ పూట ఎలా ఉందో అలాగే కాసేపు చూసేదాన్ని. ఉద్యోగం అయిపోయింది గానీ, ఆ చూపు నాతోనే ఉంది.