వేరు పొయ్యి

కిరందుల్‌లో మా రైల్వే కాలనీకి పండుగ నెల కాగితపు నక్షత్రాలతో మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైలు లైను మీద పనులకు వచ్చి ఉండిపోయిన క్రైస్తవ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. డిసెంబరు ఒకటో తారీఖు సాయంత్రం ప్రతి గుమ్మానికీ నక్షత్రం కట్టి, లోపల బల్బు పెట్టి, ఇంట్లో అందరికన్నా చిన్న బిడ్డ చేత స్విచ్ వేయిస్తారు. ఇనుప గనుల ఎర్రదుమ్ము పడీ పడీ క్రిస్మస్ నాటికి ఆ తెల్ల కాగితం ఇటుక రంగుకి తిరుగుతుంది. అయినా ఎవరూ దించరు.

ఆ సాయంత్రమే నక్షత్రం ఉన్న గుమ్మం ముందు చర్చి పాటల వాళ్లు డోలక్ వాయించి పాడతారు, పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. ఆ ఏడు చావు జరిగిన ఇంటికి మాత్రం నక్షత్రం ఉండదు. అక్కడ డోలక్ ఆపేసి, మెల్లగా ఒక ప్రార్థన చేసి వెళ్లిపోతారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. బైబిల్లో అయితే లేదు, నేను వెతికాను.

ఒక ఏడు వానాకాలంలో మా ఆయన జ్వరం వచ్చి పోయాడు. ఆయనకు రైల్వే ఉద్యోగం లేదు, జీపు నడిపేవాడు. మేమంతా ఉండేది బావగారి క్వార్టర్‌లో, అంటే మా ఆయన అన్నగారి దగ్గర. ముందు గదిలో బావగారు, నా తోడికోడలు, వాళ్ల ఏడేళ్ల కూతురు. మధ్య గదిలో అత్త. వెనక గదిలో నేను, నా ఐదేళ్ల కూతురు, రెండేళ్ల కొడుకు. తోడికోడలిని అక్కా అని పిలిచేదాన్ని. అందరం ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లం.

అంతకు ముందటి ఏడు మా ఆయన చంటివాడిని ఎత్తుకుని, వాడి వేలు పట్టుకుని స్విచ్ నొక్కించాడు. ఈ ఏడు తమ్ముడి వేలు తాను పట్టుకుంటానని నా కూతురు ముందే చెప్పుకుంది. ఈసారి నక్షత్రం లేదమ్మా, నాన్న పోయాడు కదా అని నేను నచ్చజెప్పాను. అది ఊరుకుంది. అక్క కూతురు ఊరుకోలేదు. నక్షత్రం కావాలని రెండు పూటలు అన్నం మానేసింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వెనక గోడ పక్కన, కుళాయి దగ్గర, మూడు ఇటుకలు పెట్టి ఉన్నాయి. అత్త పక్కన నిలబడి ఉంది.

"ఏటీ నేదమ్మా, ఇకమీదట నువ్విక్కడ వండుకో. పొయ్యి వేరైతే ఇల్లు వేరే గదా. సావు నీ పొయ్యిది. పెద్దోడి గుమ్మానికి స్టారు కట్టుకోడానికి అడ్డుండదు."

నా పుట్టినూరు కొంట, శబరి ఒడ్డున. మా వైపు ఇలాంటి లెక్క ఎక్కడా వినలేదు. "పోయినోడు నీ కొడుకు గాదా అత్తమ్మా? మరి నీ పొయ్యి ఏది?" అన్నాను.

"నాను పెద్దోడి కాడ తింతాను."

కన్నకొడుకుని మూడు ఇటుకలతో వదిలించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. బావగారు చర్చి సంఘ పెద్దని అడిగి వచ్చాడు. పొయ్యి వేరైతే అభ్యంతరం లేదని ఆయనా అన్నాడట. మగవాళ్లకి అడ్డం కానంతవరకు దేనికీ అభ్యంతరం ఉండదు.

ఒకటో తారీఖు సాయంత్రం నేను కట్టెల పొగలో కూర్చుని ఉన్నాను. నా కొడుకు వేలు చాపుకుంటూ ముందు గుమ్మం వైపు పరుగెత్తాడు. అత్త వాడిని చంకన వేసుకుని తెచ్చి నా ముందు దించి వెళ్లింది. స్విచ్ అక్క కూతురు వేసింది. పాటల వాళ్లు వచ్చారు, డోలక్ మోగింది. నా కూతురు చాక్లెట్ కోసం చెయ్యి చాపితే అక్క కూతురు అడ్డం నిలబడింది.

"మీది చావు పొయ్యి. మా పాట మీకు లేదు."

ఏడేళ్ల పిల్లకి ఆ మాటలు ఎవరు నేర్పారో నన్ను అడగక్కర్లేదు. తర్వాత పాటల వాళ్లు వెనక నా గుమ్మం వైపు వచ్చి, డోలక్ చంకలో ఇరికించుకుని, ప్రార్థన చేశారు. "పాడరా?" అని నా కూతురు అడిగింది. డోలక్ అతను నేల చూశాడు. వాళ్లు వెళ్లాక అది ఏడవలేదు. చావు పొయ్యి అంటే ఏంటని అడిగింది. అన్నం ఉడికింది, తిందువుగాని రా అన్నాను.

పండుగ అయ్యాక పొయ్యి కలుపుతారని చూశాను. "అలవాటైపోనాది గదా" అంది అక్క. సరే అనుకున్నాను. ఆ ఇటుకల పొయ్యి మీదే ఇడ్లీలు వేసి యార్డు వాళ్లకు అమ్మి పిల్లల్ని సాకాను.

మళ్లీ వానలు వెనకబట్టే వేళకు అత్త పోయింది. పొద్దున కుళాయి దగ్గర పడిపోయింది, మధ్యాహ్నానికి అయిపోయింది. స్నానం నేనే చేయించాను. ఏడుపు మాత్రం రాలేదు.

డిసెంబరు వచ్చింది. బజారులో ఉన్నవాటిలో పెద్ద నక్షత్రం కొని తెచ్చి వెనక గుమ్మానికి కట్టాను. బావగారు వచ్చి చూశాడు. "అమ్మ పోయిన ఏడు ఇదేటమ్మా?"

"పోయింది మీ పొయ్యి మీద తిన్న మనిషి బావగారూ."

ఆయన వెళ్లి అక్కని పంపాడు. అక్క మొహం పీక్కుపోయి ఉంది. "పిల్ల ఏడుస్తంది. ఈ ఒక్క సాయంత్రం దాన్ని నీ పొయ్యి కాడ తిననియ్యి. అప్పుడు దానికీ పాట ఉంటాది. పండగెల్లిపోనాక ఇటుకలు తీసేద్దాం, అందరం ఒక్కకాడే తిందాం."

ఏడాది పాటు నేను ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు వినడానికి కూడా ఓపిక లేదు.

"అలవాటైపోయింది గదా అక్కా" అన్నాను.

సాయంత్రం నా కూతురు తమ్ముడి వేలు పట్టుకుని స్విచ్ నొక్కించింది. పాటల వాళ్లు ముందు గుమ్మం దగ్గర డోలక్ ఆపుకుని ప్రార్థన చేసి, చుట్టూ తిరిగి మా దగ్గరకు వచ్చి వాయించారు. ఆ చప్పుడులో కుళాయి పక్క నుంచి అక్క కూతురు వచ్చింది. చేతిలో స్టీలు పళ్లెం ఉంది. వాళ్లమ్మే పంపిందో, తానే వచ్చిందో.

నా కూతురు లేచి దానికి అడ్డం నిలబడింది.

"మీది చావు పొయ్యి. మా పాట మీకు లేదు."

ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. ఏడాది దాచుకుంది నా తల్లి. డోలక్ ఆగిపోయింది. నా కడుపు చల్లబడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. సరిగ్గా అన్నానా అన్నట్టు నా కూతురు వెనక్కి తిరిగి చూసింది. ఆ దవడ బిగింపు, ఆ చూపు, అచ్చం వాళ్ల నాయనమ్మ. ఇటుకల పక్కన నిలబడి నాకు పొయ్యి చూపించిన రోజున కూడా ఆవిడ ఇలాగే చూసింది.

అక్క కూతురు పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. నేను నా పిల్లలిద్దరికీ అన్నం వడ్డించి, గిన్నె మీద మూత పెట్టాను.