వేపపుల్ల

నిజాం చివరి రోజుల్లో మా సిద్దిపేట బడిలో చదువంతా ఉర్దూలోనే. తెలుగు పద్యాల కోసం పొద్దుగూకాక పంతులుగారి అరుగెక్కేవాళ్లం. పురుగుల బెడదకు ఆయన భార్య దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టేవారు. మనిషి బతుకు దీపం పురుగు పాటిదని చెప్పే పద్యం రాగానే పంతులుగారు ఆగి, పళ్లెంలో మునుగుతున్న పురుగులను వేపపుల్లతో తీసేవారు.

"పద్యంల సచ్చింది సాలు, గీడ సావద్దు," అనేవారు.

కలరా గత్తర సోకి పంతులుగారి భార్య పోయారు. దినాలు కాగానే ఆయన ఆమెలాగే పళ్లెంలో నీళ్లు పోసి, దీపం పెట్టి, మమ్మల్ని పిలిచారు. ఓదార్చడానికి వచ్చిన పటేలు ఆ దీపం పురుగు పద్యమే అందుకున్నాడు. పంతులుగారు ఇంకో పుల్ల విరిచి అతని చేతికిచ్చారు.

"పటేలా, నీ దిక్కు రెండు మునుగుతున్నయి. జల్ది తియ్యి."