హఫర్‌లో వినబడిన మేకు దెబ్బలు

దయ్యమంటే నవ్వే మనిషిని నేను. శ్మశానం పక్క దోవలో ఒక్కదాన్నే గడ్డిమోపు మోసుకొచ్చినదాన్ని. అయినా సౌదీలో, పట్టపగలు, నా చెవులతో విన్నది చెబుతాను. చదువు తక్కువేగానీ నాకు మరుపు లేదు.

రాయచోటిలో మేము అయిదు అద్దె ఇళ్లు మారాం. అయిదు చోట్లా ఓనర్ల మొదటి మాట ఒకటే, "గోడకు మేకు కొట్టగూడదు." అందుకే మా అమ్మ పోయాక ఆమె ఫోటోను చీరలో చుట్టి పెట్టెలో దాచాను. బతికుండగా ఆమే నవ్వుతూ అనేది, "అద్దె గోడకు నన్ను తగిలీయొద్దు మే. ఓనరు దించమంటే యాడికి పోవాల నేను?"

సౌదీలోని హఫర్ అల్ బాతిన్ ఊళ్లో ఒక ఇంట్లో పనికి చేరి నాలుగేళ్లయింది. ఇంకో నెలలో ఊరికి పోవాలి. అప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. మా వీధిలోనే రెండు గదుల ఇల్లు అమ్మకానికొచ్చిందట.

"కొంటే నువ్వింకో రెండేండ్లు ఆడ్నే ఉండాల. అద్దిల్లే మేలు మే, నచ్చకుంటే సామాన్లెత్తుకోని పోతాం. వచ్చేయ్, పాప నీ మొగం మర్చిపోతాంది."

ఆ మాట నన్ను పొడిచింది. శుక్రవారం ఫోన్ చేసి, ఇల్లు వద్దని చెప్పేద్దామనుకున్నాను.

ఆ శుక్రవారం పొద్దున పది గంటలకు బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. గోడలోంచి సుత్తి దెబ్బలు, ఎవరో మేకు కొడుతున్నట్టు. మూడు గట్టిగా. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కటి.

నా భ్రమే అనుకుందును. కానీ మా మేడమ్ వాళ్లమ్మ, చెవి మిషన్ లేకుంటే అజాన్ కూడా వినబడని ముసలామె, ఆ మిషన్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. ఆమే గోడవైపు తిరిగి "మీన్? మీన్?" అంది. ఎవరు, ఎవరు అని.

డ్రైవర్ బషీర్ భాయ్, హైదరాబాదాయన, మిద్దెక్కి చూసొచ్చాడు. ఆ గోడకు అవతల ఇల్లే లేదు, ఉత్త ఇసుక.

"ఎవ్వల్లేరమ్మా. ఇస్త్రీ పెట్టె వేడి నీ దిమాగ్‌కెక్కింది."

"మరి ముసలామెకు గూడా ఎక్కిందా, బషీర్ భాయ్?"

ఆయన పోయి గోడకు చెవి ఆనించాడు.

నాకేమయిందో చెప్పలేను. మా ఆయనకు ఫోన్ చేసి "ఇల్లు కొను" అన్నాను. ఆ రెండేళ్లూ పాపను వీడియోలోనే చూసుకుంటూ గడిపాను.

ఊరికొచ్చిన మర్నాడు, మా సొంతింట్లో అమ్మ ఫోటో తగిలించడానికి సుత్తి నేనే పట్టుకున్నాను, మా ఆయనకు ఇవ్వలేదు. మూడు దెబ్బలు కొట్టాను. కళ్లలో నీళ్లు నిండి మేకు కనబడలేదు. కొంగుతో తుడుచుకుని ఇంకొక్కటి కొట్టాను.

అదే మోత. మధ్యలో అదే ఆగడం. హఫర్‌లో నేను విన్నవి నా దెబ్బలే.

ఇల్లు కొనకముందే అవి ఎట్లా మోగాయో, ఆ ముసలామెకు ఎట్లా వినబడ్డాయో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్లెవరూ చెప్పలేకపోయారు.

అమ్మ మాత్రం గోడమీద నవ్వుతోంది. దించమనే ఓనరు లేడు, ఓనరును నేనే. ఇప్పుడు మా ఇంట్లో పదకొండు మేకులున్నాయి. నాలుగింటికి ఏమీ తగిలించలేదు. ఊరికే కొట్టాను.