గౌరమ్మకు గొంతిచ్చిన కాలేషా

మార్కాపురంలో ఒకప్పుడు కాలేషా గొంతు వినబడకుండా ఏదీ జరిగేది కాదు. కరెంటు పోవాలన్నా, చీరల ధర తగ్గాలన్నా, కొమరోలు దగ్గర తప్పిపోయిన బర్రె దొరకాలన్నా ముందుగా ఆయన ఆటోలో మైకు పట్టుకొని ఊరేగవలసిందే. ముప్పయ్యేళ్ళ ఆ సేవలో ఆయనకొక శాస్త్రం ఏర్పడింది. ఆటో ఆగదు గనుక ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి: ఒకసారి వీధి మొదట్లోవాళ్ళకు, ఇంకోసారి చివరివాళ్ళకు. ఆపైన స్థలం చెప్పాలి. స్థలం చెప్పని ప్రకటన ఆయన దృష్టిలో మహాపాపం.

ఈమధ్య ఫోన్లో రికార్డు చేసిన ఆడగొంతులు ఆటోలెక్కడంతో ఆయనకు తీరిక ఎక్కువైంది. ఆ సంగతి కనిపెట్టింది బట్టలకొట్టు రామ్‌ప్రసాద్ కూతురు లాస్య. టీవీ సీరియళ్ళను ముక్కలు కోసి, అతికించి, లేని సినిమాలకు ట్రైలర్లు చేయడం ఆ పిల్ల విద్య.

"డెబ్భైల్లో అమెరికాలో నల్లజాతి హీరోల సినిమాలు వచ్చేవి తాతా. బ్లాక్స్‌ప్లాయిటేషన్ అంటారు," అని ల్యాప్‌టాప్‌లో చూపించింది. గుమ్మడికాయంత జుట్టు, మోకాళ్ళదాకా తోలుకోటు, అడుగు తీసి అడుగేస్తే వెనక గిటారు.

"ఎండాకాలం గూడా ఆ కోటు ఇప్పరా పాపా?"

"చచ్చినా ఇప్పరు. పోలీసోళ్ళకూ బెదరరు, రౌడీలకూ బెదరరు. మన 'గడప దాటని గౌరమ్మ' సీరియల్‌ని అట్ల చేస్తన్నా. నీ గొంతు కావాల."

కాలేషా ల్యాప్‌టాప్ ముందునుంచి వెనక్కి జరిగాడు. గౌరమ్మ ఆయన భార్య కుల్సుమ్‌కు ప్రాణం. అత్త పెట్టే బాధలకు గౌరమ్మ ఏడ్చిన రోజున కుల్సుమ్‌కు ముద్ద దిగదు. అట్లాంటి సాధ్విని ఎగతాళి పట్టించినట్టు తెలిస్తే ముప్పై ఎనిమిదేళ్ళ సంసారం ఏ గట్టుకు చేరుతుందో. కానీ నెల రోజులుగా మైకు ముట్టని చెయ్యి ఆయనది. "పేరు మాత్రం ఎయ్యొద్దు," అని ఒప్పుకున్నాడు.

లాస్య రాసిచ్చింది ఒక్కటే ముక్క: గౌరమ్మ ఇక ఏడవదు.

కాలేషా గొంతు సవరించుకున్నాడు. "గౌరమ్మ ఇక ఏడవదు. గౌరమ్మ ఇక ఏడవదు. స్థలం, అత్తగారి వంటిల్లు, గ్యాసుబండ ఎదురుగా."

తొమ్మిదిసార్లు చెప్పించినా తొమ్మిదిసార్లూ అంతే. ఆ గొంతుకు వేరే దారి తెలియదు. పదోసారికి లాస్య నవ్వలేక పొట్ట పట్టుకొని, "అట్లనే ఉండనీ తాతా," అంది.

వారం తిరిగేసరికి ట్రైలర్ గిద్దలూరు దాటింది. పేరు వేయలేదు నిజమే. ఆ గొంతుకు పేరెందుకు? ఒక సాయంత్రం పక్కింటి ఫిర్దౌస్ ఫోన్ పట్టుకొచ్చి కుల్సుమ్ చేతిలో పెట్టింది. కాలేషా లోపలి గదిలో, బాగానే ఉన్న మైకు వైరును బాగుచేయసాగాడు.

గిటారు మోగింది. పెద్ద జుట్టుతో గౌరమ్మ అట్లకాడ ఝళిపించింది. కుల్సుమ్ మూడుసార్లు చూసింది. ఒక్కసారీ నవ్వలేదు.

"సునోజీ, ఈ గొంతు ఎవరిది?"

"నేను కాదు. నేను కాదు. ఇంట్లోనే ఉండాను, బీరువా ఎదురుగా."

ఫిర్దౌస్ కొంగు నోట్లో కుక్కుకుంది.

కుల్సుమ్ ఆయన్ను ఎగాదిగా చూసింది. "నాలుగేళ్ళనుంచి ఆ కోడలిదాన్ని ఏడిపిస్తాండారు. ఒక్కరికైనా నోరు లేసిందా? నువ్వు లేసినావు సరే. మరి అత్తను అంత సులబంగా వదిలినావేంది?"

మరునాడు పొద్దున్నే కుల్సుమ్ కాలేషాను వెంటబెట్టుకొని రామ్‌ప్రసాద్ ఇంటికి పోయింది. లాస్య కుర్చీ వేయగానే కూర్చుని, అత్త చేసిన ఘోరాలు ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది: పాలలో నీళ్ళు పోయడం, ఉత్తరం కాల్చడం, గౌరమ్మ పుట్టింటివాళ్ళకు చద్దన్నం పెట్టడం. లాస్య రాసుకోలేక రాసుకోలేక ఆరు ట్రైలర్లకు సరిపడా రాసుకుంది. మూలన కాలేషా చాలా రోజుల తర్వాత మిరియాల కషాయం తాగుతూ గొంతు సిద్ధం చేసుకుంటున్నాడు.

"ఇంగొకటి పాపా," అంది కుల్సుమ్. "ఆ జుట్టు చాల్లేదు. ఇంగా పెద్దది పెట్టు. గౌరమ్మ ముందర కూచుంటే ఆ ముసల్దానికి టీవీ కనపడగూడదు."